పడక మీద చుక్కలు: తెరచాప పడవ డెక్కు కారుతుంటే ఏం చేయాలి

మీ పడవకు అడుగున చిల్లు లేదు. అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపు తన మానాన తాను నిద్రపోతోంది. అయినా వాన వెలిసిన మర్నాడు క్యాబిన్ తలుపు తీయగానే ముక్కిపోయిన బియ్యం వాసన. పడక మీద పరుపు ఒక మూల తడి. పరుపు ఎత్తి చేయి పెడితే కింద పలక చల్లగా, జిగటగా తగులుతుంది.

ఏటా ఏప్రిల్‌లో, పడవలు నీళ్లలోకి దించే రోజుల్లో, నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. అమెరికాలో మేరీల్యాండ్, వర్జీనియా వైపు చెసపీక్ అఖాతంలో పాత పడవ కొనుక్కున్న మనవాళ్లు అడిగే మాట ఒకటే: “ఎక్కడ కారుతోందో తెలియడం లేదండీ. చుట్టూ సిలికాన్ పూసేయమంటారా?” ఒక్కొక్కరికి విడిగా చెప్పి చెప్పి చివరికి రాసి పెడదామనుకున్నాను. సందులు పూడ్చే ఆ సిలికాన్ జిగురు వద్దు. ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయాలో చెబుతాను.

ఇది 25 నుంచి 40 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవల కోసం. నాది 1980లలో కట్టిన 30 అడుగుల పడవ. హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవలు నడిపి వచ్చినవారికి ఈ బాధ కొత్తగా ఉంటుంది, వాటికి క్యాబినే ఉండదు కాబట్టి. ఇరవై ఏళ్లు దాటిన పడవలకు మాత్రం ఇది చాలా మామూలు సంగతి.

సిద్ధాంతం ఒక్క ముక్కలో: డెక్కు, అంటే మనం నడిచే పడవ పైభాగం, ఒకే పలకలా కనిపిస్తుంది గానీ నిజానికి మూడు పొరలు. పైన ఫైబర్‌గ్లాస్, కింద ఫైబర్‌గ్లాస్, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో నురుగు పలకో. డెక్కు మీది ప్రతి బోల్టూ ఆ మూడింటినీ దాటుకుని కిందికి దిగుతుంది. దాని చుట్టూ నీరు చొరకుండా పెట్టిన పాత జిగురు, అంటే సీలెంటు, ఎండి పగిలితే నీరు ఆ దారి పట్టుకుంటుంది. అలా దిగిన నీరు పడక మీద చుక్కగా రాలితే మీ అదృష్టం. రాలకుండా మధ్య చెక్కలోకి ఇంకిపోయేదే అసలు నష్టం. చెక్క కుళ్లుతుంది, చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి పొరలను విడదీస్తుంది, కొన్నేళ్లకు డెక్కు మీద అడుగు వేస్తే నానిన అట్టలా కుంగుతుంది. అందుకే మనం చేసే పనికి రెండు లక్ష్యాలు: నీటిని ఆపడం, ఒకవేళ ఆగకపోయినా అది చెక్కను తాకకుండా చేయడం. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు.

కావలసినవి

- బ్యూటైల్ టేపు. బూడిద రంగులో, చూయింగ్ గమ్‌లా సాగే చుట్ట. పడవల సామాను అమ్మే చోట దొరికేదే కొనండి. ఇళ్ల పైకప్పులకు వాడే చౌక రకాలు కొన్ని ఎండకు కరిగి కారతాయి.
- రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురు, దాన్ని చిక్కబరచడానికి సిలికా పొడి. పేరు దగ్గరగా ఉన్నా సిలికా పొడి వేరు, సిలికాన్ వేరు.
- డ్రిల్లు. బిట్లు రెండు కొలతల్లో: మీ బోల్టు పట్టేది ఒకటి, దానికి రెట్టింపు మందం ఉన్నది ఒకటి. గరాటు ఆకారపు కౌంటర్‌సింక్ బిట్టు కూడా.
- ప్లాస్టిక్ గీకుడు పలకలు, మాస్కింగ్ టేపు, జిడ్డు వదిలించే అసిటోన్ ద్రవం, పాత బట్టలు, చేతి తొడుగులు, దుమ్ము మాస్కు.
- ఎపాక్సీ పోయడానికి సూది లేని సిరంజీలు.
- కొత్త స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ ముక్క ఉన్న నట్లు. పాతవి నిగనిగలాడుతున్నా మార్చేయండి.
- నట్ల కింద పెట్టడానికి 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక: అల్యూమినియం, స్టెయిన్‌లెస్, లేదా గట్టి ఫైబర్‌గ్లాస్ షీటు.
- ఇంకో మనిషి. ఈ పని ఒంటరిగా కుదరదు. మా ఇంట్లో డెక్కు పైన స్క్రూడ్రైవరు పట్టేది మా ఆవిడ, కింద అలమారలోకి దూరి తిట్టుకునేది నేను.

రోజు ఎంచుకోవడం కూడా సామగ్రిలో భాగమే. వాన లేని వరస రెండు మూడు రోజులు కావాలి. చెసపీక్‌లో జూలై సాయంత్రాలు ఉరుములతో వాన ఎప్పుడు విరుచుకుపడుతుందో చెప్పలేం, విప్పిన రంధ్రాలతో దానికి దొరక్కండి. మే నెలగానీ, సెప్టెంబరు గానీ మేలు. చలిలో బ్యూటైల్ గట్టిపడి సాగదు, ఎపాక్సీ కూడా త్వరగా గట్టిపడదు.

ముందు దొంగను పట్టుకోండి

పెంకుటింట్లో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు: చుక్క పడే చోటు ఒకటి, పెంకు పగిలిన చోటు ఒకటి. వాసం పట్టుకుని జారిన నీరు ఎక్కడో వంటింటి మధ్యలో రాలుతుంది. పడవలోనూ అంతే. డెక్కుకూ లోపలి సీలింగుకూ మధ్య సందులో నీరు రెండు మూడు మీటర్లు ప్రయాణించి, తనకు ఇష్టమైన చోట దిగుతుంది. నా పడక తల దగ్గర పడే చుక్కకు కారణం నాలుగు అడుగుల ముందు డెక్కు మీదున్న కడ్డీ అని తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది.

1. తడి మచ్చకు పైన ఉన్న సీలింగు పలకలు, అలమారల అస్తరు, విప్పగలిగినంత విప్పేయండి. బోల్టుల కింది కొసలు కంటికి కనబడాలి. నట్టు చుట్టూ గోధుమరంగు చార ఉంటే అక్కడి నుంచి నీరు వచ్చినట్లే.

2. అన్నిటినీ పొడిగా తుడిచి, అనుమానం ఉన్న ప్రతి నట్టు చుట్టూ టాయిలెట్ కాగితం ముక్క ఒకటి అంటించండి. తొలి చుక్క ఎక్కడ పడిందో కాగితమే చెబుతుంది. నేలంతా తడిసిన తర్వాత వెతకడం దండగ.

3. ఒకరు లోపల టార్చితో కూర్చోండి, ఇంకొకరు పైన నీళ్ల గొట్టం పట్టుకోండి. కింది భాగం నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ఒక్కో చోట 5 నుంచి 10 నిమిషాలు నీరు మెల్లగా పారనివ్వాలి, బలంగా చిమ్మకూడదు. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లకూ జారి ఏదీ తేలదు. ఓపిక లేనివారు ఇక్కడే ఓడిపోతారు.

4. అప్పటికీ దొరకకపోతే ఒక కిటుకు ఉంది. పెరట్లో ఆకులు ఊదే యంత్రం మూతిని హ్యాచ్‌లో, అంటే డెక్కు మీది తలుపులో, పెట్టి, చుట్టూ అట్టముక్కతో, టేపుతో మూసి, మిగతా కిటికీలు, గాలి దారులు అన్నీ బిగించండి. క్యాబిన్‌లోకి గాలి ఊదుతూ, డెక్కు మీద సబ్బునీరు చల్లండి. రంధ్రం ఉన్నచోట బుడగలు లేస్తాయి. పెట్రోలుతో నడిచే యంత్రం వాడవద్దు, దాని పొగ క్యాబిన్‌లో నిండుతుంది. కరెంటుదే వాడండి, ఆ వైర్లను తడికి దూరంగా ఉంచండి.

దొంగ దొరికాక, దాని చుట్టూ ఒక అడుగు మేర డెక్కును స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం చూడండి, అదే చెవి. ఖణేల్‌మంటే మంచిది. దబ్బుమని మందంగా వినిపిస్తే లోపల చెక్క తడిసిందో, పొర విడిపోయిందో అయి ఉంటుంది. ఆ హద్దును టేపు ముక్కలతో గుర్తు పెట్టుకోండి. అరచేయంత ఉంటే ఈ పద్ధతి చాలు. చాపంత ఉంటే పై పొర కోసి చెక్క మార్చాలి. అది వేరే పని, అనుభవం ఉన్న మేస్త్రీని పిలవడం మేలు.

విప్పడం నుంచి బిగించడం వరకు

డెక్కు అంచున రక్షణ తీగలను నిలబెట్టే కడ్డీలు, అంటే స్టాంచియన్‌లు, వాటి కాళ్లను ఉదాహరణగా తీసుకుంటున్నాను. అందరూ పట్టుకుని లాగేది వాటినే, కాబట్టి ముందుగా కారేవీ అవే. తాళ్లు చుట్టే క్లీట్లు, తాళ్లను బిగించి లాగే వించిలు, పట్టుకునే కమ్మీలు, అన్నిటికీ పద్ధతి ఇదే.

1. రక్షణ తీగను వదులు చేయండి. కింద ఒకరు నట్టు విప్పుతుంటే పైన ఒకరు బోల్టు తలను కదలకుండా పట్టుకోవాలి. నట్టు జారి సీలింగు వెనక్కి పడకుండా కింద ఒక గుడ్డ కట్టండి. నా పడవ గోడల వెనక ఇప్పటికి ఏడు నట్లు ఉన్నాయి, అలలు వచ్చినప్పుడల్లా తాళం వేస్తుంటాయి.

2. కాలు ఊడకపోతే లాగవద్దు, సుత్తితో కొట్టవద్దు. పలుచటి ప్లాస్టిక్ పలకను అంచు కిందికి మెల్లగా తోస్తూ చుట్టూ తిప్పండి. వెనకటి యజమాని పాలియూరిథేన్ జిగురు వాడి ఉంటే హెయిర్ డ్రయ్యరుతో కాస్త వేడి చేయాలి. తొందరపడి లాగితే పైనున్న నిగనిగలాడే జెల్‌కోటు పెచ్చులుగా లేచి వస్తుంది.

3. పాత సీలెంటు మొత్తం గీకేయండి. డెక్కుదీ, కాలిదీ, రెండూ. తర్వాత అసిటోన్ గుడ్డతో తుడవండి. గాలి ఆడాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. అక్రిలిక్ కిటికీల మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడనివ్వకండి, అద్దం నిండా సన్నని పగుళ్లు పాకుతాయి.

   శుభ్రమైందో లేదో తేల్చే పరీక్ష: కొంచెం నీళ్లు చల్లండి. నీరు పలుచగా పరచుకుంటే సరే. తామరాకు మీద నీటి బొట్టులా ముడుచుకుని పక్కకు జరిగితే సిలికాన్ ఇంకా ఉంది. దాన్ని కరిగించే ద్రవాన్ని నమ్ముకోవద్దు. గీకాలి, సన్నటి ఉప్పుకాగితంతో రుద్దాలి, మళ్ళీ పరీక్షించాలి.

4. ఇప్పుడు లావు బిట్టుతో రంధ్రాన్ని పెద్దది చేయండి. బోల్టు 6 మిల్లీమీటర్లదైతే బిట్టు 12. పై పొరను, మధ్య చెక్కను మాత్రమే తొలవాలి. కింది పొరను ముట్టుకోకూడదు. బిట్టుకు ఎంత లోతు వరకో టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. కింది పొర తగలగానే చేతికి గట్టిదనం తెలుస్తుంది.

   ఇక్కడ ఒక నిమిషం ఆగండి. బిట్టు మీద వచ్చిన పొట్టును అరచేతిలో వేసుకుని చూడండి. లేత గోధుమరంగులో, పొడిగా, పెన్సిలు చెక్కినప్పటి తురుములా ఉంటే మీరు సమయానికి వచ్చారు. నల్లబడి, వడకట్టిన టీపొడిలా ముద్దగా, పుల్లటి వాసనతో ఉంటే ఆలస్యమైంది. అలాంటప్పుడు అదే రోజు ఎపాక్సీ పోయకండి. వాన తగలకుండా పైన టార్పాలిన్ కట్టి, గాలి తగిలేలా రంధ్రాలు తెరిచి, కొన్ని వారాలు వదిలేయండి. మధ్యమధ్య సన్న బిట్టుతో పక్కలు గీకి చూడండి. తడి చెక్క మీద పోసిన ఎపాక్సీ, తడి గోడ మీద వేసిన సున్నం రెండూ ఒకటే.

5. వంచిన మేకును డ్రిల్లుకు తగిలించి, రంధ్రం లోపల చుట్టూ ఉన్న చెక్కను మరో 5 మిల్లీమీటర్ల మేర తొలిచేయండి. వాక్యూమ్‌తో పొట్టు లాగేయండి. కింది రంధ్రాన్ని టేపుతో గట్టిగా మూయండి. ఆ టేపు లీకైతే ఎపాక్సీ పడక మీదికి కారుతుంది, కింద పాత ప్లాస్టిక్ షీటు పరిచి ఉంచండి.

6. ఎపాక్సీని డబ్బా మీద రాసిన నిష్పత్తిలోనే కలపండి, ఒక్క చుక్క గట్టిపరిచేది ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం భ్రమ. ముందు పలుచటి ఎపాక్సీని సిరంజీతో పోసి, చెక్క పీల్చుకునే వరకు పది నిమిషాలు ఆగండి. మిగిలింది లాగేసి, అందులోనే సిలికా పొడి కలిపి గడ్డపెరుగు చిక్కదనానికి తెచ్చి మళ్ళీ నింపండి. డెక్కు మట్టం కంటే కాస్త పైకి ఉండాలి, కొంచెం కుంగుతుంది.

   ఒకేసారి గ్లాసు నిండా కలపకండి. ఎపాక్సీ కుదురుకుంటున్నప్పుడు వేడి పుట్టిస్తుంది. ఎక్కువ మోతాదు ఒకే గ్లాసులో ఉంటే పొగలు కక్కి, గ్లాసు కరిగిపోతుంది. నాకు ఒక ఆగస్టు మధ్యాహ్నం అదే జరిగింది, ఆ గ్లాసును పడవ కట్టే డాకు మీద పెట్టి దూరంగా నిలబడి చూడవలసి వచ్చింది. చర్మానికి అంటనివ్వకండి, కొందరికి దీని వల్ల దద్దుర్లు వస్తాయి, ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదు.

7. ఒక రోజంతా వదిలేయండి. గోరు గుచ్చితే దిగకూడదు. పైన జిడ్డు పొరలా ఉంటే నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి, ఆరాక ఉప్పుకాగితంతో మట్టం చేయండి.

8. ఎపాక్సీ దిమ్మె మధ్యలో అసలు బోల్టు కొలతలో రంధ్రం వేయండి. ఇక ఆ బోల్టు పక్కన ఉన్నది చెక్క కాదు, గట్టి ఎపాక్సీ. రేపు సీలెంటు చెడినా నీరు పడక మీద చుక్కై పడుతుందే తప్ప డెక్కును కుళ్లబెట్టదు. రంధ్రం పై మూతిని కౌంటర్‌సింక్ బిట్టుతో గరాటులా కాస్త వెడల్పు చేయండి, రెండు మిల్లీమీటర్లు చాలు. ఈ గరాటును అనవసరమనుకుని వదిలేస్తారు. బ్యూటైల్ బోల్టు మెడ చుట్టూ ఉంగరంలా నిలబడేది అక్కడే, నీటిని నిజంగా ఆపేదీ అదే.

9. బ్యూటైల్‌ను సన్నని జంతికలా చేతితో సాగదీసి బోల్టు తల కింద చుట్టండి, చిన్న శంకువు ఆకారం రావాలి. కాలి అడుగున పలుచగా ఒక పొర పరవండి. మధ్యలో ఖాళీలు, మడతలు ఉండకూడదు. వేడికి చేతులకు అంటుకుపోతుంటే టేపును పది నిమిషాలు ఐసు పెట్టెలో ఉంచండి.

10. కాలిని పెట్టి, బోల్టులు దించి, కింద పలక, వాషర్లు, నట్లు వేయండి. నట్టు మరలకు కొంచెం లానోలిన్ గ్రీజు రాయండి, లేకపోతే స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ మధ్యలో కరుచుకుపోయి రంపంతో కోసే వరకు వదలదు. ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట: తిప్పవలసింది నట్టును, బోల్టును కాదు. పైన పట్టుకున్న మనిషి స్క్రూడ్రైవరు కదపకూడదు. బోల్టు తిరిగితే దాని మెడ చుట్టూ మీరు కట్టిన బ్యూటైల్ ఉంగరం చిరుగుతుంది.

11. మూలకు ఎదురు మూల వరసలో కొద్దికొద్దిగా బిగించండి. అంచుల నుంచి బ్యూటైల్ బయటికి ఉబికి వస్తుంది, రావాలి. కాసేపు ఆగి, మరో అర చుట్టు. మర్నాడు ఇంకో అర చుట్టు. వారం తర్వాత ఎండ బాగా కాసిన రోజు ఇంకోసారి. బయటికి రావడం ఆగితే పని అయిపోయినట్లు. ఉబికిన దాన్ని ప్లాస్టిక్ పలకతో కోసి, ఉండ చేసి అంటిస్తే మిగతాదీ దానికే అంటుకుని వస్తుంది.

బ్యూటైల్ దొరకకపోతే, పనికిరాకపోతే

బ్యూటైల్ గట్టిపడదు, ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది, విప్పాలంటే విప్పవచ్చు. నాకు నచ్చేది అందుకే. కానీ నీటి మట్టానికి దిగువన ఉండే అమరికలకు వాడకూడదు, పెట్రోలు, డీజిల్ తగిలే చోటా కూడదు, ఇంధనం దాన్ని కరిగిస్తుంది. ఇంధనం పోసే మూత చుట్టూ పాలీసల్ఫైడ్ సీలెంటు వాడండి. అది టేకు చెక్కకూ బాగుంటుంది, అక్రిలిక్, పాలికార్బనేట్ కిటికీలకు మాత్రం పడదు. వాటికి తయారీదారు చెప్పిన రకమే వాడాలి.

పాలియూరిథేన్ జిగుర్లలో 3ఎం కంపెనీ 5200 లాంటివి దాదాపు శాశ్వతం. బాగా గట్టిదని అందరూ మొదట దాన్నే కొంటారు. డెక్కు మీది సామానును ఏదో ఒక రోజు మళ్ళీ విప్పక తప్పదని మరచిపోతారు.

ఇక సిలికాన్. కడిగినా, తుడిచినా డెక్కు మీద కంటికి కనబడని జిడ్డు పొర వదిలి వెళ్తుంది, తర్వాత దాని మీద ఏ సీలెంటూ, ఏ రంగూ నిలవదు. కాలు విప్పకుండా దాని అంచు చుట్టూ పూయడం మరీ అన్యాయం. బోల్టు తలల నుంచి నీరు దిగుతూనే ఉంటుంది, బయటికి పోయే దారి మాత్రం మూసుకుంటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్లు మీరు మూడో అంచెలో పాత సీలెంటు గీకుతూ పడే చాకిరీ అంతా ఎవరో పదేళ్ల కిందట అయిదు నిమిషాల్లో పూసిన సిలికాన్ ఫలితమే.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

మొదటిది నేనూ చేశాను: సాయం మనిషి లేని రోజున పైనుంచే బోల్టులు తిప్పి బిగించేశాను. పైకి అందంగా కుదిరింది. తొలి ఉరుముల వానకే లోపల చుక్కలు. నాలుగు బోల్టులూ మళ్ళీ విప్పి మొదటి నుంచి చేశాను.

ఒకే కాలికి నాలుగు బోల్టులు ఉంటే కారుతున్న ఒక్కదాన్నే మార్చడం ఇంకో అలవాటు. మిగతా మూడింటి వయసూ అంతే కదా, నాలుగూ చేయండి. అలాగని డెక్కు మీద ఉన్నవన్నీ ఒకే వారాంతంలో విప్పేయకండి. రెండు మూడు అమరికలు పూర్తిచేసి, వాన చూసి, తర్వాతివి పట్టుకోండి.

కింద పెద్ద పలక వేయకుండా చిన్న వాషర్లతో సరిపెట్టడం కూడా చూస్తుంటాను. ఎవరైనా డాకు మీద నుంచి కడ్డీ పట్టుకుని ఎక్కినప్పుడు ఆ బరువంతా నాలుగు నాణేలంత చోటు మీద పడుతుంది. డెక్కు వంగుతుంది, సీలెంటు విడుతుంది, మళ్ళీ మొదటికి.

కుదిరిందో లేదో చూసుకోవడం

సీలింగు పలకలు వెంటనే బిగించకండి. కనీసం రెండు పెద్ద వానలు, ఒక అలల ప్రయాణం అయ్యే వరకు తెరిచే ఉంచండి. నట్ల చుట్టూ పొడి కాగితం మళ్ళీ కట్టండి. నీళ్ల గొట్టం పరీక్ష పదిహేను నిమిషాలు చేయండి, ఆ సమయంలో ఒకరు కడ్డీని పట్టుకుని అటూ ఇటూ లాగాలి. కదలకుండా ఉన్నప్పుడు కారనిది లాగినప్పుడు కారవచ్చు. చివరగా ఏ అమరిక ఏ నెలలో చేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. జ్ఞాపకం ఉంటుందనుకుంటాం, ఉండదు.

ఒక హెచ్చరిక: చెయిన్ ప్లేట్లు

మాస్టును, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే తీగలు డెక్కు గుండా దిగి లోపలి చెక్క గోడకు బిగిసే స్టెయిన్‌లెస్ పట్టీలు ఇవి. అక్కడ కారితే కేవలం పడక తడవడం కాదు. లోపలి గోడ కుళ్లుతుంది, పట్టీ కూడా దెబ్బతింటుంది. స్టెయిన్‌లెస్‌కు గాలి తగలకుండా తడి మాత్రమే తగిలే చోట సన్నటి పగుళ్లు పడతాయి, పైకి మెరుస్తూనే ఉంటుంది. గోడ మీద గోధుమరంగు చార కనిపిస్తే వాయిదా వేయకండి. అయితే మాస్టు నిలబడి ఉండగా ఈ పట్టీలను తోచినట్లు విప్పకూడదు. ఒక్కొక్కటిగా, ఆ వైపు మాస్టుకు వేరే తాడుతో ఊతం ఇచ్చి, అదీ తెలిసినవారి పక్కన ఉండి చేయాలి. మొదటిసారి అయితే మాస్టు దించిన చలికాలంలో చేయడమే క్షేమం.

డెక్కు కారకపోయినా పరుపు తడిగా ఉంటే

అది వాన కాదు, మీ ఊపిరి. రాత్రి ఇద్దరు పడుకుని వదిలిన ఆవిరి, గ్యాసు పొయ్యి మీద అన్నం వండినప్పుడు వచ్చిన ఆవిరి, చల్లటి పడవ గోడకు తగిలి నీరవుతాయి. పరుపు నేరుగా పలక మీద ఉంటే ఆ తడి అడుగున చేరి బూజు పడుతుంది. తేడా కనుక్కోవడం సులభం: వాన లేని వారంలోనూ తడి ఉంటే ఇదే కారణం.

పరుపు కింద గాలి ఆడే మెష్ పరవండి, లేదా పలకకు బదులు సన్న చెక్క బద్దలు వేయండి. పగలు పరుపును నిలబెట్టండి. వంట చేసేటప్పుడు హ్యాచ్ తెరిచి, 12 వోల్టుల చిన్న ఫ్యాను పెట్టండి. ఆ ఫ్యానే ఆగస్టు రాత్రి గాలి ఆడని లంగరులో నిద్ర పట్టిస్తుంది, ఎయిర్ కండిషనర్ కంటే ముందు దాన్ని కొనండి. పడవ వదిలి వెళ్లేటప్పుడు అలమార తలుపులు తెరిచి ఉంచాలి. చలికి భయపడి అన్నీ మూసేసి పొయ్యి వెలిగించి వెచ్చదనం తెచ్చుకోవడం మాత్రం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే అలారం లేకుండా క్యాబిన్‌లో నిద్రపోవద్దు.

తడి పోయినా వాసన పోకపోతే

కుళ్లిన కోడిగుడ్డు వాసన అయితే టాయిలెట్ గొట్టంలో నిలిచిన అఖాతం నీరు. అందులోని సూక్ష్మజీవులు గాలి లేక చచ్చి కుళ్లుతాయి. వారం పాటు పడవ వదిలి వెళ్లే ముందు మంచినీళ్లు పోసి గొట్టం మొత్తం నిండేలా పంపు కొట్టండి, సగం బాధ తీరుతుంది. నెలకోసారి తెల్ల వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే లోపల కట్టే సున్నం పొర కరుగుతుంది. బ్లీచ్ పోయవద్దు, రబ్బరు భాగాలను పాడుచేస్తుంది. వెనిగర్‌తో కలిస్తే విషవాయువు కూడా వస్తుంది.

అప్పటికీ పోకపోతే గొట్టమే వాసనను పీల్చుకుందేమో చూడాలి. శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, గొట్టం చుట్టూ చుట్టి, చల్లారాక తీసి వాసన చూడండి. గుడ్డకు వాసన అంటితే గొట్టం మార్చవలసిందే, ఎంత కడిగినా లాభం లేదు. ఒక్కో గొట్టానికి విడి గుడ్డ వాడండి. ఆ గుడ్డలను మాత్రం ఇంటి వాషింగ్ మెషీన్‌లో వేయకండి, నేను వేశాను.